ఐమూల కొలత

ఇళ్లలో సొంతంగా కార్లు కట్టుకునేవాళ్లకి చట్రాలు చేసి అమ్మే మాడక్స్, కారు కట్టే పద్ధతి రాసిన పుస్తకాన్ని తెచ్చి డెస్మండ్ చేతిలో పెట్టాడు.

“అన్నీ వరసగా రాసిపెట్టాం సార్. మొదటి పేజీ నుంచి పట్టుకుని పోయారంటే వచ్చే వేసవికల్లా మీ కారు మీరు నడుపుకోవచ్చు.”

కారు డెస్మండ్‌ది కాదు. అతని పక్కింటి ఏవిస్ పెగ్‌ది. ఉత్తరం రాసింది ఆమె, ఆర్డరిచ్చింది ఆమె, రసీదు మీద ఉన్న పేరూ ఆమెదే. అరవైకి రెండేళ్లు తక్కువ వయసు మనిషి, గోధుమరంగు కోటు బొత్తాలు మెడదాకా పెట్టుకుని, ఆ ఇద్దరికీ మధ్యనే నిలబడి ఉంది. డెస్మండ్ వచ్చింది తన ట్రైలర్ మీద ఛాసీని ఇంటికి చేరవేయడానికి. ఆ ముక్క చెప్పడానికి అర నిమిషం చాలు. అతను చెప్పలేదు.

“ఇంజను దేంట్లోంచి తీస్తున్నారు సార్?”

“పాత ఫోర్డ్ ఒకటుంది. పోయిన నెలలో విప్పేశాం,” అన్నాడు డెస్మండ్.

ఆ ‘శాం’లో అతని వాటా రెండు మొండి నట్లు. మిగిలిన కారంతా ఏవిస్ ఒక్కతే విప్పింది. ఇరవై రోజులపాటు గోడ అవతల నుంచి స్పానర్ చప్పుడు అతనికి వినిపిస్తూనే ఉండేది. మధ్యలో ఆగేది, మళ్లీ మొదలయ్యేది. ఒక్కసారి కూడా సుత్తి చప్పుడు వినిపించలేదు. డెస్మండ్ తన జీవితంలో అలాంటి కార్లు మూడు కట్టాడు. హింక్లీ చుట్టుపక్కల గరాజుల్లో కార్లు కట్టుకునే వాళ్లంతా ఓ క్లబ్బుగా ప్రతి బుధవారం పబ్బులో చేరి ఏ సందేహం వచ్చినా అతన్నే అడుగుతారు. సుత్తి వాడకుండా పాత కారు విప్పిన మనిషిని అతను అంతకుముందు చూడలేదు. ఆ సంగతీ మాడక్స్‌కి చెప్పలేదు.

షెడ్డు వెనక భాగంలో వెల్డింగ్ చేస్తున్న ముసలాయన ముసుగు పైకెత్తి వీళ్లకేసి ఒకసారి చూసి మళ్లీ దించుకున్నాడు. ఇద్దరు కుర్రాళ్లు ఛాసీని మోసుకొచ్చారు. నల్ల రంగు వేసిన చదరపు ఇనప గొట్టాల చట్రం. చక్రాలూ ఇంజనూ సీట్లూ అన్నీ ఇకమీదట దీనికే తగిలించాలి. దాన్ని ట్రైలర్ మీద పెట్టి తాళ్లు బిగిస్తుంటే ఏవిస్ చుట్టూ ఒకసారి నడిచింది. ముందు నిలబడి చూసింది, వెనక్కి వెళ్లి చూసింది. తల కొంచెం పక్కకి వాల్చింది.

“ఏం, రంగు నచ్చలేదా అమ్మా?” అన్నాడు మాడక్స్ నవ్వుతూ.

“రంగు బాగానే ఉంది,” అంది ఏవిస్.

దారిలో ఆమె రెండుసార్లు వెనక్కి తిరిగి ట్రైలర్‌కేసి చూసింది. డెస్మండ్ రేడియో పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి డెస్మండ్ తన డ్రిల్లూ రివెట్ గన్నూ తీసుకుని ఆమె గరాజుకి వెళ్లాడు. లోపలికి అడుగుపెడుతూనే ఎప్పట్లాగే ఒక్క క్షణం ఆగిపోయాడు. నేల తడిగుడ్డ పెట్టి తుడిచి ఉంది. ఎడమ గోడకి మేకులు, మేకులకి పారదర్శకమైన సంచులు. ఫోర్డ్ కారులోంచి ఊడదీసిన బోల్టులూ బిగింపులూ, ఒక్కో సంచిలో ఒక్కో చోటివి, లోపల అట్టముక్క మీద గుండ్రటి అక్షరాలు: ముందు ఎడమ, బ్రేకు గొట్టం. ముందు కుడి, బ్రేకు గొట్టం. వైర్ల కట్ట మొత్తం ఒక పలక మీద చెట్టుకొమ్మలా పరిచి, ప్రతి కొసకీ రంగు దారం కట్టి ఉంది. మూడు కార్లు కట్టిన డెస్మండ్ తన బోల్టులన్నీ ఒకే బిస్కెట్ల డబ్బాలో పడేసి, ప్రతిసారీ సగం కొత్తవి కొనుక్కున్నాడు.

ఛాసీ నాలుగు చెక్క స్టాండ్ల మీద ఉంది.

“ముందు నేల రేకు బిగించేద్దాం,” అన్నాడు డ్రిల్లు తీగ విప్పుతూ. “ఒక్క పూటలో అయిపోతుంది. ఆ పైన ఇది కారులా కనిపించడం మొదలెడుతుంది. మనిషికి ఆ హుషారు కావాలి.”

“ఆగు డెస్మండ్. ఇది వంకరగా ఉంది.”

“స్టాండు ఎగుడుదిగుడుగా ఉందేమో.”

“స్టాండ్లు చూశాను. ఇదే వంకర.”

డెస్మండ్ కళ్లు చిట్లించి చూశాడు. తిన్నగానే ఉంది. “నీకెలా తెలిసింది?”

“ముప్పై మూడేళ్లు గుడ్డ కత్తిరించాను. పడుగు కొంచెం వాలితే కన్ను ఊరుకోదు.”

లెస్టర్‌లో బట్టల ఫ్యాక్టరీలో ఆమె నమూనాలు కత్తిరించేది. ఆమె గీసిన కాగితం మీద పెట్టి ఒక్కో రోజు నాలుగు వందల కోటులకి గుడ్డ కోసేవారు. కాగితం మీద గీత తప్పితే ఆ నాలుగు వందలూ తప్పినట్టే. ఆ సంగతి డెస్మండ్‌కి తెలుసు. కానీ గుడ్డ వేరు, ఇనుము వేరు అని అతని లెక్క.

ఏవిస్ జేబులోంచి సన్నటి నూలు దారం తీసింది. ముందు ఎడమ మూల బోల్టు రంధ్రంలోంచి వెనక కుడి మూల రంధ్రానికి ఐమూలగా లాగి, కొస దగ్గర గోటితో నొక్కిపట్టి ముడి వేసింది. అదే దారాన్ని ముందు కుడి నుంచి వెనక ఎడమకి లాగింది. ముడి రంధ్రం దాకా రాలేదు. రంధ్రానికీ ముడికీ మధ్య ఆమె చిటికెన వేలు పట్టింది.

డెస్మండ్ తన స్టీలు టేపు తీశాడు. రెండుసార్లు కొలిచాడు. పదకొండు మిల్లీమీటర్లు తేడా. దీర్ఘచతురస్రంగా ఉండాల్సిన చట్రం ఓ పక్కకి ఒరిగింది.

“ఇంత చిన్న కార్ఖానాల్లో ఇవి మామూలే,” అన్నాడు టేపు చుట్టేస్తూ. “చక్రాలు బిగించేటప్పుడు వాషర్లు వేసి సర్దుకుంటాం. అందరూ చేసే పనే.”

“అందరూ చేస్తే తిన్నగా అవుతుందా?”

“తిన్నగా నడుస్తుంది.”

“నేనడిగింది అది కాదు,” అంది ఏవిస్, దారాన్ని వేలికి చుట్టుకుంటూ. ఇంట్లోకి వెళ్లి మాడక్స్‌కి ఫోన్ చేసింది.

వంటింటి గుమ్మంలో నిలబడి డెస్మండ్ విన్నాడు. ఆమె తాపీగా, ఎక్కడ నుంచి ఎక్కడికి ఎంతో చెప్పింది. అవతలి గొంతు గలగలా ఏదో అంది.

“మా ఆయనా? ఆయన సెయింట్ మేరీ చర్చి వెనకాల పడుకుని ఉన్నాడు. తొమ్మిదేళ్లుగా ఎవరు పిలిచినా లేవడం లేదు. మీరు పిలిచి చూస్తారా?”

అవతలి గొంతు తగ్గింది. తర్వాత మళ్లీ ఏదో మాట. ఏవిస్ రిసీవర్ని డెస్మండ్ వైపు చాపింది. “నిన్న వచ్చిన పెద్దమనిషితో మాట్లాడతాట్ట.”

డెస్మండ్ అందుకున్నాడు.

“సార్, మీకు తెలియందేముంది,” అంది మాడక్స్ గొంతు, బరువు దిగినట్టుగా. “ఆవిడ టేపు ఎక్కడో జారి ఉంటుంది. పోనీ కొంచెం తేడా ఉందే అనుకోండి, మీలాంటి అనుభవం ఉన్నవాళ్లకి అదో లెక్కా?”

ఏవిస్ అతని ముఖంకేసే చూస్తోంది. తనే స్వయంగా కొలిచానని డెస్మండ్ చెప్పాలి. పదకొండు అని అంకె చెప్పాలి. అతను గొంతు సవరించుకున్నాడు.

“ఫరవాలేదు లెండి,” అన్నాడు. “నేను చూసుకుంటాను.”

ఏవిస్ రిసీవర్ తీసుకుని పెట్టేసింది. సింకులో ఉన్న రెండు కప్పులూ కడిగి బోర్లించింది. ఆ పూట టీ తాగుతావా అని అడగలేదు.

శనివారం గోడ అవతల నుంచి ఏ చప్పుడూ రాలేదు.

ఆదివారం మధ్యాహ్నం డెస్మండ్ తన పసుపు కారుని బయటికి తీద్దామని గరాజు తలుపెత్తాడు. మూడు కార్లలో రెండింటిని అమ్మేశాడు. ఇదొక్కటీ ఉంచుకున్నాడు, ఎందుకంటే దీని ఛాసీ కొన్నది కాదు. గొట్టాలు తెచ్చి తనే కోసి, తనే వెల్డింగ్ చేసిన చట్రం. క్లబ్బుకి కొత్తగా వచ్చిన ప్రతివాడికీ దీన్ని చూపిస్తారు. ఆ కారు ముందు టైర్లలో ఎడమది లోపలి అంచున బోడిగా అరిగిపోయి ఉంది. ఏడాదికోసారి అలాగే అరుగుతుంది. స్టీరింగ్‌ని ఒక వేలితో కుడికి పట్టి ఉంచకపోతే బండి ఎడమ గట్టుకి పోతుంది. ఆరేళ్లుగా అతను దానికి మున్సిపల్ కౌన్సిల్ వాళ్లు వేసిన రోడ్లని తిడుతూ వచ్చాడు.

కాసేపు అలాగే నిలబడి, తర్వాత ఇంట్లోకి వెళ్లి, భార్య అల్లిక బుట్టలోంచి ఓ దారం ఉండ తెచ్చుకున్నాడు. మోకాళ్లు నొప్పెడుతుంటే కారు కిందికి దూరాడు. ఐమూలగా లాగి ముడి వేశాడు. రెండో వైపు లాగాడు.

పద్నాలుగు మిల్లీమీటర్లు.

చల్లటి సిమెంటు మీద వెల్లకిలా పడుకుని తన చేత్తో తనే చేసిన వెల్డింగ్ అతుకుల్ని చూస్తూ ఉండిపోయాడు. అతుకులు అందంగా ఉన్నాయి. ఒక్కటీ ఊడదు. అంత గట్టిగా, అంత అందంగా, వంకరగా అతికాడు. ఆరేళ్లలో ఒక్కసారి ఓ దారం ముక్క పట్టి చూడాలని తోచలేదు. తోచకపోవడమేమిటి, చూడాల్సిన అవసరం ఉందని ఎవరైనా అంటే ఆ మనిషికి టీ ఇచ్చేవాడు కాదేమో.

సోమవారం పొద్దున్నే ఏవిస్ గరాజు తలుపు తట్టాడు. ఆమె నేల మీద మోకాళ్ల మీద ఉంది. ఛాసీ కింద పొడుగునా గోధుమరంగు నమూనా కాగితం పరిచి ఉంది. రిటైరయ్యే రోజున ఫ్యాక్టరీ వాళ్లు అందరికీ ఇచ్చినట్టే గోడగడియారం ఇవ్వబోతే, అదొద్దు, ఆ కాగితం చుట్ట ఇవ్వండి అని అడిగి తెచ్చుకుంది. దారానికి కట్టిన చిన్న ఇత్తడి గుండుని ఒక్కో బోల్టు రంధ్రంలోంచి కిందికి వదిలి, అది ఊగడం ఆగేదాకా ఊపిరి బిగబట్టి, మొన కింద పెన్సిలుతో చుక్క పెడుతోంది.

“నాది పద్నాలుగు,” అన్నాడు డెస్మండ్.

ఏవిస్ తలెత్తింది. “ఏది?”

“పసుపు బండి. నేను వెల్డింగ్ చేసింది. నిన్న దారం పెట్టి చూశాను. నీ దానికంటే మూడు ఎక్కువ.”

ఆమె నవ్వలేదు. నవ్వుతుందనే భయంతోనే అతను రాత్రంతా ఆ మాట ఎలా చెప్పాలా అని ఆలోచించాడు.

“మరి క్లబ్బులో?”

“బుధవారం చెప్తాను. నా నోటితోనే.” కొంచెం ఆగాడు. “ఫోన్లో అలా అని ఉండకూడదు ఏవిస్.”

“ఉండకూడదు,” అంది ఏవిస్. మళ్లీ గుండు వైపు తిరిగింది. “ఆ చివర కాగితం లేస్తోంది. కాస్త పాదం పెట్టు. బూటు విప్పి.”

డెస్మండ్ బూటు విప్పి, మేజోడుతో కాగితం అంచు మీద నిలబడ్డాడు. అలా గంటన్నర నిలబడ్డాడు. ఇరవై రెండు చుక్కలు. ఒక్కో చుక్కకి ఆమె గుండుని మూడుసార్లు వదిలింది. మూడుసార్లూ ఒకే చోట పడితేనే పెన్సిలు తాకించింది. ఫ్యాక్టరీకి పనిముట్లు చేసే టూల్‌రూములో ముప్పై ఏళ్లు పనిచేసిన డెస్మండ్‌కి ఆ చేతిని చూస్తుంటే, తను మొదట పని నేర్చుకున్న ముసలి మేస్త్రీ గుర్తొచ్చాడు. ఆయనా ఇంతే. తొందర అనేది ఆయన ఒంట్లో ఉండేది కాదు.

మంగళవారం ఇద్దరూ మాడక్స్ షెడ్డుకి వెళ్లారు. ఛాసీ తీసుకెళ్లలేదు. కాగితం చుట్ట ఒక్కటే.

మాడక్స్ ఎదురొచ్చాడు. “రండి సార్, ఏమిటి సంగతి? వాషర్లు వేసి చూశారా?”

“నన్నడక్కండి,” అన్నాడు డెస్మండ్. “నేను చుట్ట మోయడానికొచ్చాను. కారు ఆవిడది. మొదట్నుంచీ ఆవిడదే. పోయినసారి చెప్పకపోవడం నా తప్పు. ఆ పదకొండు మిల్లీమీటర్లూ కొలిచింది నేనే. అది చెప్పకపోవడం ఇంకా పెద్ద తప్పు.”

మాడక్స్ ముఖం కొంచెం ముడుచుకుంది. ఏవిస్ అప్పటికే నేల మీద కాగితం పరుస్తోంది.

“ఇవి నా ఛాసీ బోల్టు రంధ్రాలు. ఎడమవి పదకొండు, కుడివి పదకొండు,” అంది. “కోటుకి రెండు ముందుభాగాలు కత్తిరించేటప్పుడు కాగితాన్ని మధ్యకి మడుస్తాం. మడతకి ఈ పక్కా ఆ పక్కా ఒకటే కావాలి కదా. ఇప్పుడు దీన్ని మడుస్తాను. మీకెక్కడ మడవాలనిపిస్తే అక్కడ చెప్పండి, అక్కడే మడుస్తాను.”

ప్రతి చుక్కనీ ఆమె ముందే సూదితో పొడిచి ఉంచింది. కాగితాన్ని మధ్యకి మడిచి, రెండు అంచులూ పట్టుకుని కిటికీ వెలుగుకి ఎత్తింది. ముందు చివర రంధ్రాల్లోంచి వెలుతురు చుక్కలుగా వచ్చింది. వెనక చివర ఒక్క చుక్క లేదు. మడత కొంచెం మార్చింది. వెనకవి వెలిగాయి, ముందువి ఆరిపోయాయి.

మాడక్స్ కాగితం అంచుని వేళ్లతో నలిపి చూశాడు. “కాగితం సాగుతుందమ్మా. తేమకి...”

“ఇది సాగదు. సాగే కాగితం పెట్టి కోటు కత్తిరించరు.”

వెల్డింగ్ ఆగిపోయిన సంగతి అప్పుడు తెలిసింది. ముసలాయన ముసుగు తీసి చేత్తో పట్టుకుని వీళ్ల వెనకే నిలబడి ఉన్నాడు. వేల్స్ మనిషి, పేరు ఐవర్. ఆ షెడ్డులోంచి పోయిన ప్రతి ఛాసీ అతని చేతి మీదుగానే పోయింది.

“అమ్మా,” అన్నాడు, “ఆ కాగితం ఒక్కసారి నా జిగ్ మీద వేస్తారా?”

గొట్టాలన్నిటినీ కదలకుండా పట్టి ఉంచే పెద్ద ఇనప బల్ల అది. బోల్టు రంధ్రాలు ఉండాల్సిన ప్రతిచోటా మొనదేలిన మేకు ఒకటి నిలబడి ఉంటుంది. ఐవరూ ఏవిసూ చెరో అంచూ పట్టి కాగితాన్ని దాని మీదికి దించారు. ఇరవై రెండు మేకుల మొనలూ ఇరవై రెండు సూదిపోట్లలోంచి, ఒక్కటీ పక్కకి చిరగకుండా, పైకొచ్చాయి.

కాగితం తప్పు కాదు. కొలిచిన చెయ్యి తప్పు కాదు. బల్లే వంకర.

“ఏప్రిల్లో సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి తగిలింది,” అన్నాడు ఐవర్ మెల్లగా. “ఈ బల్ల కాలుకి. నేను చెప్పాను మీకు. చూడాలి అన్నాను.”

“ఫరవాలేదన్నాను,” అన్నాడు మాడక్స్. అతని మెడ ఎర్రబడింది. “ఎన్ని పోయాయి ఐవర్? ఏప్రిల్ నుంచి?”

“తొమ్మిది. ఈవిడదాంతో కలిపి.”

“రోడ్డెక్కినవి?”

“ఒకటి ఎక్కి ఉండొచ్చు. లడ్‌లో ఊళ్లో టీచరమ్మ ఒకావిడ, కూతుర్ని ఎక్కించుకుని తిరగాలని కట్టుకుంటోంది. అది దాదాపు అయిపోయిందన్నారు.”

మాడక్స్ ఏవిస్‌కేసి చూశాడు. ఆ షెడ్డులో అతను ఆమె ముఖంలోకి తిన్నగా చూడటం అదే మొదటిసారని డెస్మండ్‌కి అనిపించింది. తర్వాత అతను ఆఫీసు గదిలోకి వెళ్లి తలుపు తెరిచే ఉంచి ఫోన్ తీశాడు. “హలో, మాడక్స్‌ని మాట్లాడుతున్నాను. మీరు ఆ కారు బయటికి తియ్యకండి. లేదు, తప్పు మీది కాదు, మాది...” అన్న మాటలు బయటికి వినిపించాయి. ఆ ఫోన్ పెట్టేసి ఇంకోటి చేశాడు. ఒకటి తర్వాత ఒకటి ఎనిమిది ఫోన్లూ అయ్యాక బయటికొచ్చాడు. మనిషి ఓ చుట్టు చిక్కినట్టున్నాడు.

“మిసెస్ పెగ్,” అన్నాడు. “మీ ఛాసీ కొత్తది కట్టిస్తాను. జిగ్ సరిచేశాకే. మీరేమీ అనుకోకపోతే ఆ కాగితం మా దగ్గర ఉంచుతారా?”

“ఉంచను.”

మాడక్స్ తల ఊపాడు. తనకి ఆ మర్యాద దక్కకపోవడం న్యాయమే అన్నట్టు.

“అది కాదు,” అంది ఏవిస్. “తప్పు నమూనాని కత్తిరించే గదిలో ఉంచకూడదు. ఎప్పుడో ఎవరో తెలియక తీసి వాడేస్తారు. దీన్ని చించేస్తాను. మీకు మంచిది ఒకటి కోసిస్తాను. ఐవర్, మీ అసలు డ్రాయింగు ఎక్కడుంది?”

ఐవర్ డ్రాయింగు తెచ్చాడు. ఏవిస్ కోటు విప్పింది, చొక్కా చేతులు పైకి మడిచింది. కొత్త కాగితాన్ని ముందే మధ్యకి మడిచి, ఒక పక్క మాత్రమే కొలిచి గీసి, రెండు పొరల్నీ కలిపి ఒకేసారి పొడిచింది. అలా చేస్తే రెండు పక్కలూ వేరుగా ఉండటానికి వీలే లేదు. ఐవర్ పక్కన కూర్చుని, పొడిచిన ప్రతిసారీ ఆ చేతికేసీ ఆ ముఖంకేసీ చూశాడు. మధ్యాహ్నం నాలుగయ్యేసరికి ఆ కాగితాన్ని బట్టే బల్ల కాలు కోసి, జరిపి, మళ్లీ అతికారు. షెడ్డులో కుర్రాళ్లు ఒకడి తర్వాత ఒకడు పని మానేసి వచ్చి చుట్టూ నిలబడ్డారు. మాడక్స్ స్వయంగా టీ పెట్టి తెచ్చాడు. మొదటి కప్పు ఏవిస్‌కిచ్చాడు.

బుధవారం డెస్మండ్ పబ్బులో లేచి నిలబడి పద్నాలుగు మిల్లీమీటర్ల సంగతి చెప్పాడు. చాలాసేపు నవ్వారు. “కౌన్సిల్‌కి క్షమాపణ ఉత్తరం రాయి!” అని ఎవరో అరిచారు. రాస్తానన్నాడు. నవ్వులు తగ్గాక నలుగురు అతని దగ్గరకొచ్చి, మిగతావాళ్లు వినకుండా, ఆ దారం ఎక్కడి నుంచి ఎక్కడికి లాగాలో అడిగారు.

తర్వాతి వారం ఐవర్ తనే కొత్త ఛాసీని వ్యానులో వేసుకొచ్చాడు. స్టాండ్ల మీదికి ఎక్కించి, టోపీ చేత్తో పట్టుకుని పక్కన నిలబడ్డాడు. ఏవిస్ దారం లాగింది. ముడి రంధ్రం అంచుని తాకి ఆగింది. రెండో వైపూ తాకింది. ఇంకోసారి లాగి చూసింది. ఐవర్ గట్టిగా ఊపిరి వదిలాడు.

ఆ పొద్దున్నే నేల రేకు బిగించారు. డెస్మండ్ రేకుని రెండు చేతులా అదిమి పట్టుకున్నాడు, ఏవిస్ డ్రిల్లు నడిపింది. మొదటి రివెట్ కాడ టప్పుమని తెగి, తల రేకుకి అతుక్కుని కూర్చున్నప్పుడు ఆమె దాన్ని బొటనవేలితో తడిమింది. మధ్యాహ్నానికి నూట ఇరవై రివెట్లు, బొమ్మ గీసినట్టు వరసగా.

“ఇక పెడళ్లు ఎక్కడ పెట్టాలో చూడాలి,” అన్నాడు ఐవర్. “దానికి పుస్తకంలో కొలత లేదమ్మా. నడిపే మనిషి కాళ్లే కొలత. ఎక్కి కూర్చోండి.”

ఏవిస్ పక్కగొట్టం పట్టుకుని, స్కర్టు సర్దుకుని, లోపలికి దిగింది. సీటు లేదు, వెనకాల ఓ దిండు పెట్టారు. స్టీరింగ్ లేదు. అయినా ఆమె చేతులు వాటంతటవే లేచి, గాలిలో తమకి సుఖంగా ఉన్నచోట ఆగాయి. కాళ్లు చాపింది. తెరిచిన తలుపులోంచి ఎదురుగా వీధి కనిపిస్తోంది. ఐవర్ ఏదో పనున్నట్టు వ్యాను దగ్గరికి వెళ్లిపోయాడు.

డెస్మండ్ మోకాళ్ల మీద కూర్చుని, ముందు వైపు నుంచి తల దూర్చి, ఆమె బూటు కొస తాకిన చోట రేకు మీద సుద్దతో గీత గీశాడు. “ఇక్కడా?”

“ఇంకో అంగుళం నీ వైపుకి.”

“ఎందుకు? కాలు సరిగ్గా అక్కడికే వస్తోందిగా.”

“ఇవి వేసవి బూట్లు. చలికాలం వేసుకునే వాటికి అడుగు మందం.”

డెస్మండ్ తల బయటికి తీసి ఆమెకేసి చూశాడు. “పైకప్పు లేని కారు ఇది. చలికాలం ఎవరు నడుపుతారు దీన్ని?”

“నేను,” అంది ఏవిస్.

డెస్మండ్ బొటనవేలితో ఆ సుద్ద గీత చెరిపేసి, అంగుళం కొలిచి, మళ్లీ గీశాడు.